రాత్రి పదకొండింటికి వచ్చే పీడీఎఫ్

ఈమధ్య ఒక గురువారం సాయంత్రం మా అమ్మాయి కాలేజీలో పేరెంట్ మీటింగ్‌కి వెళ్లాను. తను ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. గంటన్నర మీటింగ్‌లో దాదాపు గంటసేపు ఒకటే మాట. "పిల్లల చేతిలోంచి ఫోన్ తీసేయండి. రాత్రంతా ఫోన్ చూస్తున్నారు, పొద్దున క్లాసులో తూగుతున్నారు, ర్యాంకులు పోతున్నాయి." వచ్చిన తల్లిదండ్రులందరం తలలూపాం.

ఆ రాత్రి 10:50కి అదే కాలేజీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మ్యాథ్స్ అసైన్‌మెంట్, 14 పేజీల పీడీఎఫ్. రేపు ఫస్ట్ అవర్‌లో ఇవ్వాలని కింద ఒక లైను.

మా అమ్మాయి అప్పుడే దుప్పటి కప్పుకుంది. మెసేజ్ చప్పుడు విని లేచి కూర్చుంది. ఫోన్ నా దగ్గరుంది. "ఇవ్వమ్మా, చూసి చేసుకోవాలి" అంది. సాయంత్రం విన్నదాని ప్రకారం నేను ఇవ్వకూడదు. ఇచ్చాను. 12:20కి లెక్కలు అయిపోయాయి. ఫోన్ మాత్రం 1:10 దాకా తన చేతిలోనే ఉంది. ఆ చివరి యాభై నిమిషాలు ఏం చూసిందో నేను అడగలేదు, తనూ చెప్పలేదు. 5:40కి లేపాను. 6:30కి బస్సు.

అప్పటినుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు. ఫోన్ పిల్లల నిద్ర పాడు చేస్తోందన్నది నిజం, అందులో నాకు అనుమానం లేదు. కానీ రాత్రి పదకొండింటికి ఆ ఫోన్ వాళ్ల చేతిలో పెడుతున్నది చాలావరకు పెద్దవాళ్లమే. పొద్దున అయిదింటికి తట్టి లేపుతున్నదీ మనమే. నిద్రని ఇటు కొంత, అటు కొంత మనం కోసేసుకుని, మిగిలిన ముక్కలో పిల్లలు సరిగా పడుకోవడం లేదని తిడుతున్నాం. ఈ మాట కాలేజీల మీదికి తోసేసి తప్పించుకోలేను. నేనూ ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను.

చీటీల మీద రాసిన రాత్రులు

మా కాలేజీలో మొదటి పీరియడ్‌లో తూగే పిల్లల్ని ఏళ్లుగా చూస్తున్నాను. ఇన్నాళ్లూ లేపి నిలబెట్టడమో, మొహం కడుక్కురమ్మనడమో చేసేదాన్ని. మీటింగ్ అయిన కొద్ది రోజులకి తిట్టకుండా తలా ఒక చీటీ ఇచ్చాను. పేరు రాయొద్దు, నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, పడుకునే ముందు చివరగా ఏం చూశారు, ఇంతే రాయమన్నాను.

ఎక్కువ చీటీల మీద 12 దాటిన టైములే ఉన్నాయి. చివరగా చూసింది ఏమిటన్న చోట రీల్స్, ఫ్రీ ఫైర్ గేమ్, క్రికెట్ హైలైట్స్ ఉంటాయని అనుకున్నాను, ఉన్నాయి. అనుకోనివీ ఉన్నాయి. ఒకరు "ఆర్గానిక్ కెమిస్ట్రీ వీడియో, సగంలో నిద్రపోయా" అని రాశారు. "నేను చూడలేదు మేడమ్, పక్కన తమ్ముడు చూస్తుంటే వెలుగుకి నిద్ర పట్టలేదు" అని ఇంకొకరు. మరొక చీటీ మీద "డేటా మిగిలింది, 12కి పోతుందని చూశా" అని ఉంది.

ఈ చివరిదాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రోజుకి 1.5 జీబీ, 2 జీబీ ప్యాకులు మనందరివీ అవే. అర్ధరాత్రి దాటితే మిగిలిన డేటా మురిగిపోతుంది, కొత్తది వస్తుంది. పళ్లెంలో అన్నం పారేయకూడదని నేర్పిన ఇళ్లలో పెరిగిన పిల్లలు. డబ్బు పెట్టి కొన్నది ఊరికే పోతోందంటే 11:30కి కూర్చుని దాన్ని ఖర్చు చేస్తారు. 12 కొట్టగానే కొత్త డేటా వచ్చి చేతిలో పడుతుంది. మధ్యలో రాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా ఎంత వాడుకున్నా ఉచితమన్న ప్యాకులు కూడా చూశాం. పదహారేళ్ల పిల్లకి ఏ గంటలో నిద్ర కావాలో ఆ గంటలోనే ఉచితం.

ఇంకో చీటీ ఉంది. "నాన్న ఫోన్ 9:30కి వస్తుంది. అన్న చూశాక నాకు ఇస్తాడు. 10:30 నుంచి చూస్తా."

పేరు రాయొద్దన్నాను కానీ ఆ అమ్మాయి మధ్యాహ్నం తనే వచ్చి చెప్పింది. నాన్న ఆటో నడుపుతారు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ అదొక్కటే. పగలంతా ఆయనతో పాటు రోడ్డు మీద ఉంటుంది, గిరాకీకీ ఫోన్‌పేకీ అదే దిక్కు. రాత్రి ఆయన ఇంటికొచ్చి అన్నం తిన్నాకే అది పిల్లలకు దొరుకుతుంది. "మీరు గ్రూపులో పెట్టిన వీడియోలు చూసేసరికి పన్నెండున్నర అవుతుంది మేడమ్" అంది. మామూలుగానే చెప్పింది, ఫిర్యాదు లాగా కాదు.

నేను పెట్టిన వీడియోలు. విద్యుదయస్కాంత ప్రేరణ మీద నాలుగు లింకులు, ఒక్కోటి అరగంట. క్లాసులో టైము చాలక "ఇంట్లో చూసుకోండి" అని పెట్టాను. ఏ ఇంట్లో, ఏ గంటలో చూస్తారన్నది నాకు తట్టనే లేదు. ఆ అమ్మాయి మొదటి బెంచీలో తూగితే నేను రెండుసార్లు నిలబెట్టాను.

ఫోన్ లేని చోట

రాత్రి తొమ్మిది తర్వాత పిల్లలకు ఫోన్ ఇవ్వకూడదు, అంతటితో అయిపోతుంది అనే వాళ్లు మా స్టాఫ్‌రూమ్‌లో చాలామంది ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది మా అక్క కొడుకు సంగతి.

వాడు రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాడు. ఫోన్ గేటు బయటే తీసేసుకుంటారు. ఆదివారం వార్డెన్ ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడొచ్చు. రాత్రి స్టడీ అవర్ అయి లైట్లు ఆర్పేసరికి 10:45. పొద్దున అయిదింటికి బెల్లు. వెంటనే కన్నంటుకుందనుకున్నా ఆరుంబావు గంటలు. దసరా సెలవులకి ఇంటికొచ్చి రెండు రోజులు పడుకునే ఉన్నాడు. అక్క భయపడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానంది. జ్వరం లేదు, ఏమీ లేదు. నిద్ర బాకీ.

ఫోన్ ఒక్కటే దోషి అయితే ఫోన్ లేని హాస్టల్ పిల్లలు తేటగా ఉండాలి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. మన హాస్టళ్ల టైంటేబుల్లో ఆ 8 గంటలకు చోటే లేదు. ఫోన్ ఇంకా చేతికి రాకముందే కాగితం మీదే నిద్ర తగ్గిపోయింది.

ఇక్కడ మా అమ్మ అనే మాట ఒకటుంది. "బ్రాహ్మీ ముహూర్తంలో లేచి చదివితే ఒంటబడుతుంది. మీ తాతయ్య నాలుగింటికే లేచేవారు." నిజమే, తాతయ్య నాలుగింటికి లేచేవారు. కానీ రాత్రి ఎనిమిదింటికి కిరసనాయిలు దీపం తగ్గించి పడుకునేవారు. ఎనిమిది గంటల నిద్ర పూర్తయ్యాక లేచిన మనిషి ఆయన. మనం ఆయన పద్ధతిలోంచి నాలుగింటి లేవడం మాత్రం ఉంచుకుని, ఎనిమిదింటి పడకని వదిలేశాం.

పైగా ఈ వయసు పిల్లల్ని ఎనిమిదింటికి పడుకోమన్నా నిద్ర రాదు. యుక్తవయసులో శరీరంలోని గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్రకి సంకేతమిచ్చే మెలటోనిన్ చిన్నపిల్లల కంటే గంట, రెండు గంటలు ఆలస్యంగా మొదలవుతుంది. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కడాన్ ఏళ్ల తరబడి పరిశోధించి చూపించిన విషయం ఇది. రాత్రి పదకొండు దాకా మెలకువగా ఉండే పదిహేడేళ్ల కుర్రాడిని బద్ధకస్తుడనీ, చెడిపోయాడనీ అంటాం. వాడి ఒళ్లు వాడి వయసుకు తగ్గట్టే నడుస్తోంది. ఆ ఒళ్లుకి పొద్దున అయిదింటి బెల్లు మనకి మూడింటికి కొట్టినట్టు.

వెలుగు కంటే గంట ముఖ్యం

అయితే ఫోన్‌ని వెనకేసుకొస్తున్నానా? ఈ అనుమానం నాకే వచ్చింది. అందుకే కొంత చదివాను.

ఫోన్ వెలుతురు వల్ల నిద్ర పట్టదని అందరం అంటాం. అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. 12 మందిని అయిదేసి రాత్రులు పడుకునే ముందు నాలుగు గంటలు వెలుగుతెర మీద పుస్తకం చదివించారు, మరో అయిదు రాత్రులు కాగితం పుస్తకం ఇచ్చారు. తెర మీద చదివిన రాత్రుల్లో మెలటోనిన్ గంటన్నర ఆలస్యమైంది, మర్నాడు ఉదయం మత్తు ఎక్కువగా ఉంది. కానీ నిద్ర పట్టడానికి అదనంగా పట్టిన సమయం దాదాపు 10 నిమిషాలు. నాలుగు గంటలు చూస్తే పది నిమిషాలు. మా అమ్మాయికి ఆ రాత్రి పోయింది రెండు గంటలకు పైనే. అది వెలుతురు తీసుకున్నది కాదు. పీడీఎఫ్ గంటన్నర తీసుకుంది, ఆ తర్వాత ఏం చూసిందో గానీ అది యాభై నిమిషాలు తీసుకుంది. నీలి కాంతిని ఆపే కళ్లజోళ్లు కొని పిల్లలకు పెట్టేసి పని అయిపోయిందనుకునే వాళ్లను చూస్తే నాకు బాధ.

ఫోన్ ఊరికే పక్కన ఉన్నా చెరుపే అనడానికీ ఆధారముంది. 2016లో వచ్చిన ఒక సమీక్షలో 20 అధ్యయనాలు, 1,25,198 మంది పిల్లల వివరాలు కలిపి చూశారు. పడుకునే వేళ ఫోన్, ట్యాబ్ వాడే పిల్లల్లో నిద్ర చాలకపోవడం ఎక్కువగా కనిపించింది. వాడకపోయినా పడగ్గదిలో అందుబాటులో ఉన్న పిల్లల్లోనూ అదే కనిపించింది. మెసేజ్ చప్పుడుకి మా అమ్మాయి దుప్పటి తీసి లేచిందే, అది గుర్తొచ్చింది.

దీనికి ఎదురు నిలిచే పరిశోధన కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన ఏమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ 2019లో పెద్ద సర్వేలు తీసుకుని లెక్క కట్టారు. టీనేజర్ల మనసు బాగోగుల్లో ఉన్న తేడాల్లో డిజిటల్ వాడకం వివరించగలిగేది ఎక్కువలో ఎక్కువ 0.4 శాతమని తేల్చారు. ఇది చదివి నేను రెండు రోజులు తికమకపడ్డాను. ఇంత చిన్నదా? మరి మన కళ్ల ముందు కనిపిస్తున్నది ఏమిటి? నాకు తోచిన జవాబు ఇది. రోజు మొత్తంలో ఎంతసేపు ఫోన్ చూశారన్నది సగటు మీద పెద్ద తేడా చూపించకపోవచ్చు. కానీ మన పిల్లలకు రోజు మొత్తంలో ఫోన్ దొరికేదే నిద్ర గంటల్లో. పగలు కాలేజీలో ఉండదు, బస్సులో ఉండదు, ట్యూషన్‌లో ఉండదు. సాయంత్రం అయిదింటికి అరగంట రీల్స్ చూసిన పిల్లకీ, అర్ధరాత్రి అదే అరగంట చూసిన పిల్లకీ సర్వేలో పడే అంకె ఒకటే. మర్నాటి పొద్దున ఒకటి కాదు.

మార్కుల మాటకొస్తే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జరిగిన పని నాకు బాగా పట్టింది. ఒక కెమిస్ట్రీ కోర్సులో దాదాపు వంద మంది విద్యార్థుల చేతికి పట్టీలు కట్టి సెమిస్టర్ అంతా నిద్రని కొలిచారు. 2019లో ఫలితాలు వచ్చాయి. మార్కుల్లో వచ్చిన తేడాల్లో దాదాపు పావు వంతు నిద్రతో ముడిపడి ఉంది. ఎంతసేపు పడుకున్నారు, ఎంత బాగా పడుకున్నారు, రోజూ ఒకే వేళకి పడుకున్నారా, మూడూ లెక్కకొచ్చాయి. పరీక్ష ముందు రాత్రి నిద్రకి మాత్రం మార్కులతో సంబంధం కనిపించలేదు. దానికి ముందు వారం, నెల ఎలా పడుకున్నారన్నదే పనిచేసింది.

మన ఇళ్లలో ఏం చేస్తాం? ఏడాదంతా ఒంటిగంట దాకా మేలుకోనిచ్చి, పరీక్ష ముందు రోజు "రేపు పరీక్ష, త్వరగా పడుకో నాన్నా" అని పాలు కలిపిస్తాం.

క్లాసులో నాకు కనిపించేదీ ఇలాగే ఉంటుంది. నిద్ర చాలని పిల్లలు ఫార్ములా మర్చిపోరు. ఫార్ములా చక్కగా రాస్తారు. తర్వాత మైనస్ గుర్తు పోగొడతారు, సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చరు, మూడో మెట్టు దగ్గర రెండో మెట్టులో వచ్చిన విలువ తప్పు ఎక్కిస్తారు. "సిల్లీ మిస్టేక్స్" అని పేపరు మీద ఎర్ర సిరాతో ఎన్నేళ్లుగా రాస్తున్నానో. అందులో కొన్నింటికైనా "నిద్ర" అని రాసి ఉండాల్సింది.

ఆ యాభై నిమిషాలు

వారం తర్వాత ఒక ఆదివారం, తలకు నూనె రాస్తూ, మా అమ్మాయిని అడిగాను. లెక్కలు పన్నెండుంబావుకి అయిపోయాయి కదమ్మా, అప్పటికే నీరసంగా ఉన్నావు, పడుకోకుండా ఫోన్ ఎందుకు చూశావని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "పొద్దున్నుంచి నాకోసం నేను చేసిన పని ఒక్కటైనా ఉందా అమ్మా?"

నేను లెక్కేశాను. 5:40కి లేచింది. బస్సు. క్లాసులు. మధ్యాహ్నం డబ్బా. క్లాసులు. స్టడీ అవర్. 6:45కి ఇల్లు. స్నానం, అన్నం, రికార్డు, చదువు. లేదు, ఒక్కటీ లేదు. నేను పదిహేడేళ్లప్పుడు సాయంత్రం మిద్దె మీద స్నేహితురాలితో గంటసేపు కబుర్లు చెప్పుకునేదాన్ని. అదేమీ గొప్ప పని కాదు, దాన్ని ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కోలేదంతే. ఈ పిల్లకి ఆ గంట అర్ధరాత్రి తర్వాత, నిద్రలోంచి అప్పు తెచ్చుకుంటే గానీ దొరకడం లేదు.

దీనివల్ల ఆ యాప్‌లు చేసిన వాళ్లని నేను క్షమించను. ఒక రీల్ అయ్యేలోపే ఇంకోటి వచ్చేటట్టు, ఎక్కడా "ఇక చాలు" అన్న చోటు లేకుండా తయారు చేశారు. మిద్దె మీద కబుర్లకి అమ్మ పిలుపుతో ముగింపు ఉండేది. దీనికి లేదు. పెద్దవాళ్లమే ఆపుకోలేకపోతున్నాం, ఆ పిల్ల ఎలా ఆపుకుంటుంది? గ్రామాల్లో పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వేలో, 2024లో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14-16 ఏళ్ల పిల్లల్లో 57 శాతం మంది అంతకుముందు వారంలో స్మార్ట్‌ఫోన్‌ని చదువుకి వాడామన్నారు, 76 శాతం సోషల్ మీడియాకి వాడామన్నారు. పీడీఎఫ్ కోసం ఫోన్ తెరిచిన పిల్ల పీడీఎఫ్ దగ్గరే ఆగదు. ఆగదని తెలిసీ పదకొండింటికి తెరిపించడమే నా బాధ.

ఫోన్ చదువులోకి ఎలా వచ్చిందో మనం మర్చిపోయాం. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా డిజిటల్ క్లాసులు మొదలైనప్పుడు "టీవీ లేకపోతే ఎవరిదైనా ఫోన్ అడిగి చూడండమ్మా" అని నేనే ఇంటింటికీ ఫోన్ చేసి చెప్పాను. అప్పటి అవసరం అది. కాలేజీలు తెరిచాక తరగతి గది తిరిగొచ్చింది కానీ ఆ గ్రూపులు పోలేదు. బోర్డు మీద సాయంత్రం నాలుగింటికి ముగియాల్సిన కాలేజీ రోజు గ్రూపులో రాత్రి పదకొండు దాకా సాగుతోంది.

"టైమిస్తే మళ్లీ ఫోనే చూస్తారు"

పొద్దున బెల్లు కొంచెం ఆలస్యం చేస్తే బాగుంటుందని స్టాఫ్‌రూమ్‌లో అన్నాను. మా సీనియర్ ఒకాయన వెంటనే, "ఇంకో గంట ఇస్తే ఇంకో గంట ఫోన్ చూస్తారమ్మా" అన్నారు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదది. నాకూ ఆ భయం ఉంది.

అమెరికాలోని సియాటిల్ నగరంలో 2016లో హైస్కూళ్ల వేళని 7:50 నుంచి 8:45కి మార్చారు. అక్కడి పిల్లల చేతుల్లోనూ ఫోన్లున్నాయి. చేతి పట్టీలతో కొలిస్తే పిల్లలు రోజుకి 34 నిమిషాలు ఎక్కువ పడుకున్నారు. రాత్రి పడుకునే వేళని పెద్దగా వెనక్కి జరపలేదు, పొద్దున ఆలస్యంగా లేచారు. మార్కులు కూడా 4.5 శాతం పెరిగాయి. రెండు వేర్వేరు బ్యాచ్‌లని పోల్చారు కాబట్టి మార్కుల మీద నేను మరీ గట్టిగా వాదించను. నిద్ర విషయంలో మాత్రం మా సీనియర్ భయం అక్కడ నిజం కాలేదు. కాలిఫోర్నియాలో 2022 జూలై నుంచి హైస్కూళ్లు 8:30 కంటే ముందు మొదలవకూడదని చట్టమే ఉంది.

మన దగ్గర పోటీ వేరు, జేఈఈ మెయిన్‌కి 10 లక్షల మందికి పైగా కూర్చుంటారు, పక్క కాలేజీ అయిదింటికి లేపుతుంటే మనం ఏడింటికి లేపితే ఎలా అంటారు. ఈ వాదన దగ్గర నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్క కాలేజీ మారితే అడ్మిషన్లు పోతాయన్న భయం నిజమైనదే. అందుకే ఇది ఒక్కొక్కరికీ వదిలేసే సంగతి కాదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలిచ్చింది. రోజుకి 5 గంటలకు మించి క్లాసులు వద్దు, మరీ పొద్దున్నే వద్దు, మరీ రాత్రి వద్దు అని. కాలేజీ, కోచింగ్ ఒకే గోడల మధ్య కలిసిపోయిన మన జూనియర్ కాలేజీల్లో ఆ మాట ఎవరు వింటున్నారు? వాటికీ ఇంటర్ బోర్డు ఒక గీత గీయాలి. పొద్దున ఇన్నింటికి ముందు బెల్లు ఉండకూడదు, రాత్రి ఇన్నింటి తర్వాత గ్రూపులో పని పెట్టకూడదు. అందరికీ ఒకటే గీత అయితే పక్క కాలేజీ భయం ఉండదు.

అంతవరకూ నేను చేయగలిగింది నేను మొదలుపెట్టాను. గ్రూపులో లింకులు మానేశాను. ఏ వీడియో అవసరమో అది ల్యాబ్‌లో ప్రొజెక్టర్ మీద మధ్యాహ్నం వేస్తున్నాను. దానికోసం సిలబస్‌లో వెనకబడ్డాను, ప్రిన్సిపాల్ అడిగారు, చెప్పాను. ఆటో నడిపే నాన్నగారితో కూడా మాట్లాడాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, "పిల్ల రాత్రంతా చదువుతుందని సంతోషపడ్డా మేడమ్" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. నోట్సు జిరాక్స్ తీసి పంపుతానని మాత్రం చెప్పాను. ఆ అమ్మాయి ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో తూగుతుంది. నేను లేపడం లేదు.

మా ఇంట్లో మూడు ఫోన్లూ రాత్రి 9:30కి హాల్లో టీవీ పక్కన పెడుతున్నాం, నాదీ ఆయనదీ కూడా. మొదటి రెండు రాత్రులు నాకే చేయి ఊరుకోలేదు. మా అమ్మాయి కాలేజీకి, రాత్రి ఎనిమిది తర్వాత పని పంపొద్దని మర్యాదగా ఒక ఉత్తరం రాసిచ్చాను. ఇంకా జవాబు రాలేదు.

నిన్న రాత్రి 10:40కి హాల్లో ఫోన్ మళ్లీ మోగింది. మా అమ్మాయి గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"పీడీఎఫ్ అయి ఉంటుందమ్మా."

"పొద్దున చూద్దువు గానీ."

"సార్ అడిగితే?"

"మా అమ్మ పడుకోమంది అని చెప్పు."

కాసేపు అక్కడే నిలబడి, వెళ్లి పడుకుంది.